నల్లరేగడి సీమలో చేతి వడ్రంగం: వృత్తి పనివారు, సరదా పనివారు

చేతి వడ్రంగం అంటే కరెంటు యంత్రాల ఆసరా లేకుండా బాడిశ, రంపం, ఉలి, చిత్రిక, బరమా వంటి పనిముట్లతో కర్రను కోసి, చెక్కి, అతికి వస్తువుగా తీర్చే పని. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో (2022 ఏప్రిల్ 4 నాటి విభజన తర్వాత పల్నాడు, బాపట్ల జిల్లాలనూ కలుపుకోవాలి) ఈ పని రెండు రకాల మనుషుల చేతుల మీదుగా సాగుతూ వచ్చింది. ఒకరు వడ్రంగులు, అంటే తండ్రి దగ్గరో మేనమామ దగ్గరో నేర్చుకుని దాని మీదే బతికేవారు. రెండోవారు బతుకుతెరువు వేరే ఉండి కర్రపని ముట్టుకునేవారు. వీరిలో గొడ్డలికి కామ వేసుకునే రైతు నుంచి ఆదివారం పూట స్టూలు చేసుకునే బ్యాంకు ఉద్యోగి దాకా ఉన్నారు. ఇద్దరి మధ్య తేడా నైపుణ్యంలోనే ఉందని సాధారణంగా అనుకుంటారు. అది సగమే నిజం. కర్ర ఎవరిది, కాలం ఎవరిది, పాడైతే నష్టం ఎవరిది? ఈ మూడింటికి జవాబు మారితే ఉలి పట్టే తీరే మారిపోతుంది.

వడ్రంగి, పొలం

ఊరి ఆయగాళ్లలో, అంటే పంటలో వాటాకు పనిచేసే వృత్తివారిలో, వడ్రంగి ఒకడు. విశ్వబ్రాహ్మణుల ఐదు వృత్తుల్లో (కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, కంసాలితనం) అతనిది రెండోది. ఊళ్లో అతన్ని పేరుపెట్టి పిలవడం తక్కువ; చిన్నా పెద్దా అందరికీ అతను ‘ఆచారి’. అమావాస్య నాడు పనిముట్టు ముట్టడు. మిగిలిన రోజుల్లో అతని పనికి గడువు పెట్టేది వాన.

నల్లరేగడి నేల తడిస్తే కాలికి అంటుకుంటుంది, ఆరితే నెర్రెలిస్తుంది. వాన పడి, నేల పదునుకు వచ్చి, విత్తడానికి అదను కుదిరేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో గొర్రు కాలు విరిగినా, కాడి పగిలినా, గుంటక సడలినా రైతు ఎడ్లను నిలబెట్టి వడ్రంగి వాకిట్లో కూర్చుంటాడు. ‘రేపు రా’ అనే మాటకు అక్కడ చోటు లేదు. అందుకే ఈ సీమ వడ్రంగానికి అందం కంటే ముందు వేగం, బలం వచ్చాయి. బాడిశ ప్రధానమైన పనిముట్టు కావడానికి కారణం కూడా అదే. నేల మీద కూర్చుని, కర్రను కాలి వేళ్లతో అదిమిపట్టి, ఒకే పనిముట్టుతో మొద్దును చదును చేయడం, వంపు తీయడం, మొన చెక్కడం, అవసరమైతే బాడిశ వెనుక భాగంతో మేకు దిగగొట్టడం, అన్నీ జరిగిపోతాయి.

ఇందులో గొర్రు పనిని దగ్గరగా చూడాలి. మూడు నాలుగు కాళ్ల గొర్రు మీద జడ్డిగం అనే కొయ్య గిన్నె ఉంటుంది. దాని అడుగున కాళ్లెన్ని ఉంటే అన్ని బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో కాలికి ఒక వెదురు గొట్టం. విత్తే మనిషి పిడికిట్లోంచి గింజలు వదులుతూ నడుస్తుంటే అవి అన్ని బెజ్జాల్లోకి సమంగా పంచుకుని దిగాలి. ఒక బెజ్జం వెంట్రుకవాసి పల్లంగా ఉన్నా ఆ సాలులో మొక్కలు గుంపుగా లేస్తాయి, పక్క సాలు పలచబడుతుంది. వడ్రంగి చేసిన తప్పు పంట ఎత్తేదాకా దారిన పోయే ప్రతివాడికీ కనబడుతూనే ఉంటుంది. కాబట్టి మంచి పనివాడు జడ్డిగం లోపలి వైపును అద్దంలా నునుపు చేస్తాడు. బయటి వైపు మాత్రం బాడిశ దెబ్బలు చెక్కినవి చెక్కినట్టే ఉంటాయి. బయట నునుపు చేసినంత మాత్రాన గింజ ఇంకా బాగా జారదు, రైతు అదనంగా ఏమీ ఇవ్వడు. ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ చాలించాలో తెలియడమే వృత్తి వడ్రంగి చదువులో మొదటి పాఠం. పాత తలుపుల వెనక వైపు, బల్లల అడుగు భాగం తడిమి చూస్తే ఇది తెలిసిపోతుంది. చూడ్డానికి మొరటుగా ఉందని దాన్ని నిర్లక్ష్యం అనుకోవడం పొరపాటు.

బండి చక్రం

ఈ సీమ వడ్రంగం శిఖరం బండి చక్రం. పన్నెండు ఆకుల చక్రానికి నడుమ ఒక కుంభి, చుట్టూ ఆరు పూటీలు. ఒక్కో పూటీలో రెండేసి ఆకులు దిగుతాయి. అన్నిటికీ నల్లతుమ్మే. మొద్దులను చెరువులోనో కాలవలోనో నెలల తరబడి నానబెట్టి, పసరు పోయాక నీడన ఆరబెట్టేవారు. అలా చేస్తే పురుగు పట్టదు. తుమ్మ పచ్చిగా ఉన్నప్పుడు బాడిశకు లొంగుతుంది, ఎండితే ఉలి అంచునే చిట్లిస్తుంది. అందువల్ల మోటు పని పచ్చి మీద, అతుకు పని ఎండిన తర్వాత. ఈ రెండింటి నడుమ నిరీక్షణ వడ్రంగిది కాదు, రైతుది. పెళ్లీడు కొడుకున్న రైతు కొత్త బండి కోసం ముందే తుమ్మ కొట్టి చెరువులో పడేసేవాడు.

చక్రానికి ఇనప కట్టు వేయడం కమ్మరి, వడ్రంగి కలిసి చేసే పని. కట్టును చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. చుట్టుకొలత పదిహేను అడుగులున్న కట్టు 400 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కితే దాదాపు 22 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి కొంచెం తక్కువ పెరుగుతుంది. పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తే ముడుచుకుని ఆకులను కుంభిలోకి, పూటీలను ఒకదానికొకటి బిగిస్తుంది. వడ్రంగి అతుకులు వదులుగా వదిలితే కట్టు కాపాడలేదు; పూటీల నడుమ సందు అసలు వదలకపోతే కట్టు ఆకులను బిగించలేదు, మరీ ఎక్కువ వదిలితే కట్టు బిగింపుకు ఆకులు వంగిపోతాయి. ఎంత సందు వదలాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు, మేస్త్రీ పక్కన కూర్చున్న కుర్రవాడికి చెవిలో పడే చప్పుడులో ఉంది. అతుకు దిగేటప్పుడు సుత్తి దెబ్బ శబ్దం మారుతుంది.

మేర నుంచి అడుగు రేటు దాకా

వడ్రంగికి కూలి కళ్లంలో దక్కేది. పంట నూర్చిన రోజున ఏడాది పనికి ప్రతిఫలంగా కొలిచి ఇచ్చే గింజలను ‘మేర’ అంటారు. కొత్త వస్తువుకు వేరే చెల్లింపు ఉన్నా మరమ్మతులన్నీ మేర కిందే. ద్వారబంధం నిలబెట్టిన రోజున బట్టలు, తాంబూలం, రూక.

మేర పద్ధతిని కొందరు ఊరి సామరస్యానికి గుర్తుగా పొగుడుతారు. నాకు అంత ముచ్చటగా కనబడదు. కరువొస్తే వడ్రంగి పొయ్యి కూడా ఆరిపోయేది. కులం గీతలోంచి అతని కొడుకు బయటికి రావడం కష్టం, బయటివాడు లోపలికి పోవడం ఇంకా కష్టం. అయితే ఒక మేలు ఉంది: తాను చేసిన నాగలిని తానే ఉచితంగా బాగుచేయాలి కాబట్టి విరగని నాగలి చేయడం వడ్రంగికే లాభం. ముక్కకింత అని లెక్కకట్టే నేటి పద్ధతిలో ఆ మేలు లేదు.

జొన్న, సజ్జ పండిన చేలల్లోకి పత్తి, వర్జీనియా పొగాకు, మిరప వచ్చేకొద్దీ కళ్లంలో గింజల రాశి తగ్గి మేర డబ్బుగా మారింది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ కింద పల్నాడు, ప్రకాశం మెట్టల్లో పెద్ద భాగం మాగాణి అయింది. తర్వాతి దశాబ్దాల్లో ట్రాక్టరు, ఇనప గొర్రు, రబ్బరు టైర్ల బండి వడ్రంగి వాకిలిని ఖాళీ చేశాయి. ఇనప గొర్రును వెల్డింగు షాపువాడు పూటలో అతికిస్తాడు. వడ్రంగి పొలం నుంచి ఇంటికి, అంటే తలుపులు, కిటికీలు, మంచాల పనికి తరలాడు. మంగళగిరి, చీరాల, వేటపాలెం వైపు మగ్గాల పని కొంతకాలం ఆదుకుంది. గుంట మగ్గానికి దోనె, పలక, నాడె చేయడం వేరే విద్య. నాడె అంచు కాస్త గరుకుగా ఉన్నా పోగు తెగుతుంది. మార్కాపురం వైపు బడిపిల్లల పలకలకు కొయ్య చట్రాలు కావలసివచ్చేవి.

ఇప్పుడు పట్నాల్లో పని ప్లైవుడ్, లామినేట్, చదరపు అడుగు రేటు. ఇందులో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ల నుంచి వచ్చిన పనివారు చాలామంది ఉన్నారు. తలుపు మీది నెమళ్లను, లక్ష్మీదేవిని కంప్యూటరు నడిపే యంత్రం చెక్కుతోంది. వృత్తి వడ్రంగి సంచిలో చేతి పనిముట్లు లేకపోలేదు. కానీ కరెంటు చిత్రికతో మోటు పని పూర్తిచేసి, తలుపును ద్వారబంధంలో కూర్చోబెట్టే ఆఖరి పూటలోనే కొయ్య చిత్రిక బయటికి వస్తుంది. ఆ పూట యంత్రం పనికిరాదు. ఒక గీటు ఎక్కువైతే సందు పడుతుంది.

పనిముట్లు, పదును

ఈ సీమలో వాడే చిత్రిక దిట్టమైన కర్రదిమ్మె. నడుమ తొలిచిన బెజ్జంలో ఇనప ఆకును కొయ్య చీలికతో బిగిస్తారు. ఆకును కిందికి దింపాలంటే దాని తల మీద, వెనక్కి లాగాలంటే దిమ్మె మడమ మీద చిన్న సుత్తితో తట్టాలి. అమెరికాలో లియొనార్డ్ బైలీ 1867లో పేటెంటు పొందిన, 1869లో స్టాన్లీ కంపెనీ కొనేసిన ఇనప చిత్రికలో ఆ పనిని మర చేస్తుంది. నేటి ఔత్సాహికుడు కొనే చిత్రికలు ఎక్కువగా ఆ బైలీ నమూనావే. మర తిప్పడం ఎవరైనా గంటలో నేర్చుకుంటారు, సుత్తితో తట్టడం చేతికి రావాలంటే రోజులు పడుతుంది. కానీ కొయ్య చిత్రిక పాడైతే వడ్రంగి మరొకటి తానే చేసుకుంటాడు. ఇనప చిత్రిక పాడైతే అంగడికి పోవలసిందే.

పదును దగ్గర ఇద్దరి దారులూ విడిపోతాయి. ఔత్సాహికుడు సానరాళ్లను గరుకు వారీగా వరసగా పేర్చుకుంటాడు. కోణం కుదరడానికి చక్రమున్న బిగింపు వాడతాడు. ఆకులో తన ముఖం కనబడేదాకా రుద్దుతాడు. వడ్రంగి ఒకే సానరాయి మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించి, ఉలిని పది పన్నెండు సార్లు ముందుకూ వెనక్కూ నడిపి, వెనక వైపు ఒక్కసారి పడుకోబెట్టి రుద్ది, గోరు మీద ఆనించి చూస్తాడు. జారితే మళ్లీ రాయి, పట్టుకుంటే పని. వేప కర్రలో పేడులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. టేకులో సిలికా ఉంటుంది, అంచును తినేస్తుంది. మధ్యాహ్నానికి మళ్లీ మొండిబారే ఉలికి అద్దంలాంటి పదును పెట్టడానికి అతని కూలి రోజులో చోటు లేదు. ఏది మేలని అడిగితే, తలుపుకు వడ్రంగి పదును చాలు. కనబడే అతుకులున్న చిన్న పెట్టెకు ఔత్సాహికుడి ఓపికే కావాలి.

రంపం సంగతి వేరు. ఆకురాయితో పళ్లు రాసి, ఒకటి విడిచి ఒకటి పక్కకు వంచి పదును పెట్టుకోవడం ఒకప్పుడు ప్రతి వడ్రంగికీ వచ్చు. నేడు అంగట్లో దొరికే రంపాల్లో చాలావాటికి పళ్లు మాత్రమే గట్టిపరిచి ఉంటాయి. ఆకురాయి వాటి మీద జారిపోతుంది. మొండిబారితే పారేయడమే. వృత్తివారు చవక కాబట్టి వీటికే అలవాటు పడ్డారు. రంపం పదును విద్యను శ్రద్ధగా నేర్చుకుంటున్నవారిలో ఇప్పుడు ఔత్సాహికుల వాటా పెద్దది.

సరదా వడ్రంగం

ఔత్సాహిక వడ్రంగం పట్నం నుంచి, విదేశం నుంచి వచ్చిందన్న అభిప్రాయం ఈ సీమ విషయంలో నిలవదు. పారకు కామ, కొడవలికి పిడి, పశువుల గాటికి గుంజ, మంచానికి పట్టె చేసుకోవడం రైతులు ఎప్పుడూ చేసిన పనే. కోటప్పకొండ తిరునాళ్లకు ఊళ్లవారు కట్టే ప్రభలు ఇంకా పెద్ద ఉదాహరణ. వెదురు, కర్రలతో అరవై, డెబ్బై అడుగులు దాటి లేచే ఈ కట్టడాన్ని శివరాత్రికి చాలా ముందు నుంచి ఊరి కుర్రాళ్లు తమ ఖర్చుతో, తమ చేతులతో కడతారు. అడుగు చట్రం, బరువు మోసే అతుకులు మాత్రం తెలిసిన మేస్త్రీ చూడాలి. పైనంతా ఊరిది. ఔత్సాహికులూ వృత్తివారూ ఎక్కడ పని పంచుకోవాలో ఇంత స్పష్టంగా చూపే పని నాకు ఇంకొకటి తెలియదు.

వడ్రంగులు తమ పనితో నూలు వడికే ఔత్సాహికులను తయారుచేసిన సందర్భం స్వాతంత్ర్యోద్యమంలో వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో పొరుగున బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జూన్ 30 లోగా దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. వడికేవారు ప్లీడర్లు, పంతుళ్లు, ఇల్లాళ్లు. ఆ రాట్నాలు చేయవలసినవారు పల్లె వడ్రంగులు. నాగలి పనికి అలవాటుపడ్డ చేతికి కదురు పని కొత్త. ఇరుసు కాస్త ఊగినా నూలు తెగుతుంది, వడికేవాడు రాట్నాన్ని మూలన పడేస్తాడు.

బడి ద్వారా కర్రపని నేర్పే ప్రయత్నానికి స్వీడన్‌లో గట్టి ఊపు వచ్చింది. నాస్ అనే చోట ఒట్టో సాలొమన్ 1870ల నుంచి బడిపంతుళ్లకు కర్రపని శిక్షణ ఇచ్చాడు. వడ్రంగులను తయారుచేయడం అతని ఉద్దేశం కాదు; కంటికీ చేతికీ పొందిక, పనిమీద గౌరవం కలగాలని. చిన్న కత్తితో మొదలుపెట్టి తేలిక వస్తువుల నుంచి కష్టమైన వాటికి వెళ్లే ఆ వరస చాలా దేశాలకు పాకింది. 1937లో వార్ధాలో రూపుకట్టిన మౌలిక విద్యా పథకంలో వడుకు, నేత, వ్యవసాయంతో పాటు వడ్రంగమూ ఉంది. ఆ తర్వాత మన ఉన్నత పాఠశాలల్లో క్రాఫ్టు మాస్టారు ఉద్యోగం ఉండేది. ఆ గదులు క్రమంగా సామాన్ల గదులయ్యాయి. బడి వదిలేశాక ఔత్సాహికుడికి గురువు వీడియోలే.

నేటి ఔత్సాహికులు ఎక్కువగా ఉద్యోగులు, రిటైరైనవారు, అమెరికాలో కారు షెడ్డును పనిశాలగా మార్చుకున్న ప్రవాసులు. కొందరిని చూస్తే వస్తువుల కంటే పనిముట్లే ఎక్కువ చేసుకుంటున్నారేమో అనిపిస్తుంది. అయినా వృత్తివారు చేయలేని ఒక పని వీరు చేయగలరు: రేటు కుదరదని వదిలేసిన అతుకులను మళ్లీ చేయడం. ఆంగ్ల కొయ్యపనివాడు, ఆచార్యుడు డేవిడ్ పై 1968లో రాసిన పుస్తకంలో పనితనాన్ని రెండుగా విడగొట్టాడు. ఒకటి చివరి గీటు దాకా పాడయ్యే ప్రమాదం ఉన్నది, రెండోది ఫలితం ముందే ఖాయమైనది. ఇక్కడి వృత్తి వడ్రంగి బతుకుతెరువు కోసం రెండోదాని వైపు పోతుంటే, ఔత్సాహికుడు ఇష్టపడి మొదటిదాన్ని నెత్తిన వేసుకుంటున్నాడు. కర్ర పాడైతే తనదే, గంట పోతే తనదే.

వృత్తి బయటి మనిషి వల్ల వృత్తికి మేలు జరిగిన తెలుగు ఉదాహరణ ఉత్తరాంధ్రలో ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు సహజ రంగులను తిరిగి తెచ్చిన సి.వి. రాజు పుట్టుకతో బొమ్మల పనివారు కారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

కర్ర తెలియడం

ఔత్సాహికుడు మొదట తప్పేది అతుకులో కాదు, కర్ర దగ్గర. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వెడల్పులో, వలయాల వెంబడి, ఆరు శాతానికి దగ్గరగా ముడుచుకుంటుంది; వలయాలకు అడ్డంగా అందులో సగం కూడా ఉండదు. నిడివిలో మార్పు లేనట్టే. ఎండిన తర్వాత కూడా మే నెల వడగాడ్పుకు ముడుచుకుని, శ్రావణం ముసురుకు ఉబ్బుతుంది. అందుకే తలుపు చట్రంలో పలకను జిగురు పెట్టకుండా గాడిలో వదులుగా వదులుతారు. బలంగా ఉండాలని పలక చుట్టూ జిగురు దట్టిస్తే, వచ్చే ఎండాకాలానికి అది నిలువునా చీలుతుంది.

విదేశీ పుస్తకాలు ఓక్, వాల్‌నట్ గురించి చెబుతాయి. తుమ్మ, వేప, మామిడి, నిద్రగన్నేరు, తాటి గురించి ఆచారినే అడగాలి. ప్రకాశం జిల్లా చేలగట్ల నిండా పాకిన సర్కారు తుమ్మ మీద వృత్తివారికీ చిన్నచూపే. అది పొయ్యికి, బొగ్గుకు తప్ప పనికిరాదంటారు. 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం వైపు నాటిన ఈ పరదేశి చెట్టుది నిజానికి ముడుచుకోవడం, ఉబ్బడం చాలా తక్కువగా ఉండే కర్ర. దీని దగ్గరి బంధువైన మెస్కీట్‌తో అమెరికాలోని టెక్సస్‌లో ఖరీదైన సామాను చేస్తారు. పెద్ద పలకలు రావు, వంకరలు ఎక్కువ. పిడులకు, చిన్న పెట్టెలకు, స్టూళ్లకు మాత్రం ఈ సీమ ఔత్సాహికుడికి ఇంతకంటే చవక కర్ర దొరకదు. చెట్టు కొట్టేముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం అనుమతి అవసరమో కాదో కనుక్కోవాలి.

సాయం, శిక్షణ

ఐటీఐల్లో వడ్రంగం ఏడాది కోర్సు. రాష్ట్ర ప్రభుత్వం ఆదరణ పథకం కింద చేతివృత్తులవారికి పనిముట్లు ఇచ్చింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు రూ.15,000 వరకు, శిక్షణ రోజులకు రూ.500 చొప్పున భృతి, మొదటి విడతగా లక్ష, తర్వాత రెండు లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. ఆ పదిహేను వేలు అందుకున్న వడ్రంగి మొదట కొనేది కరెంటు డ్రిల్లే. అతన్ని తప్పుపట్టలేం.

చేతి పనిముట్లతో నేర్చుకోవాలనుకునేవారు పెద్ద ఖర్చుకు దిగక్కర్లేదు. ముప్పాతిక అంగుళం ఉలి, ఒక రంపం, మూలమట్టం, సానరాయి చాలు. అవి పట్టుకుని మీ ఊళ్లో మిగిలిన పెద్ద వయసు ఆచారి దగ్గరికి వెళ్లండి. మాటల్లో పెట్టి ఊరికే తెలుసుకుని రావొద్దు. ఆయన పూట మీ కోసం ఆగిపోతుంది. ఆ రోజు కూలి ముందే చేతిలో పెట్టి, పక్కన కూర్చోండి.